పేలికల లెక్క

మా పెళ్ళయిన రెండో ఏడు వేసవిలో మా ఇంటి ఖర్చుల లెక్కంతా గోడకు వేలాడేది. వంటింటి గోడకు రెండు మేకులు, వాటి మధ్య ఒక తీగ, తీగకు నెలకొక దారం, ఆ దారం నిండా గుడ్డ పేలికలు. వంద ఖర్చయితే ఒక పేలిక. అద్దెకూ కరెంటుకూ ముదురు నీలం. సరుకులకూ కూరలకూ తెలుపు. మందులకు ఎరుపు. సరదాలకు పసుపు. నెలాఖరున ఎక్కడ ఎంత పోయిందో చూడటానికి కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు, గుమ్మంలో నిలబడితే చాలు.

అంతకుముందు మేమూ అందరిలాగే పుస్తకంలో రాసేవాళ్ళం. పుస్తకం తెరిస్తే పోట్లాట. మా ఆయన అంకెలు రాసేవాడే గానీ, పేజీ చివర "ఇతర ఖర్చులు" అని ఒక్క మాట రాసి మిగతాదంతా అందులో తోసేసేవాడు. ఆయన ఫ్యాన్లకూ కూలర్లకూ మోటారు వైండింగు చేసేవాడు. పని బంగారంలా చేసేవాడు, జీతమూ ఫర్వాలేదు. కానీ ఆ చేతికి ఎముక లేదు. పక్కన ఎవరుంటే వాళ్ళకు టీ. లేకపోతే పిలిచి మరీ టీ. వర్క్‌షాపులో ఆయన్ను దానకర్ణుడు అని పిలిచేవాళ్ళు, ఆయన అది మెచ్చుకోలనుకొని మురిసిపోయేవాడు. నేనేమో టైలర్ని. గుడ్డయినా డబ్బయినా కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలిచే రకం.

ఒక రోజు విసుగొచ్చి పుస్తకం అటకెక్కించి, మిషన్ కింద సంచీలో పడున్న కత్తిరింపులు తీసి గోడకు కట్టాను. సాయంత్రం ఆయనొచ్చి చూశాడు.

"ఇదేంటి, ఇల్లంతా పేలికలు ఆరేశావు?"

"ఆరేసింది పేలికలు కాదు. మన బండారం."

దగ్గరికెళ్ళి వేళ్ళతో ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఆ నెల పసుపు నీలాన్ని దాటిపోయింది.

"ఇంత సరదాగా ఉన్నామా మనం?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మీరు ఉన్నారు," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ పసుపు వంక చాలాసేపు చూసి, "పుస్తకంలో ఇంత కనపడలేదే," అన్నాడు.

ఇంతకీ ఆ వేసవిలో అంత గట్టిగా లెక్క పట్టుకోవడానికి కారణం ఒక గది. మా వీధి మలుపులో తాళాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. తాళాల తాత అనేవాళ్ళం. కళ్ళు మసకబారి, తాళం చెవి అరగదీస్తుంటే వేలు కూడా అరిగిపోతోందని దుకాణం కట్టేయాలనుకున్నాడు. గది ఆయన సొంతమే. నాలుగడుగులు వేస్తే రోడ్డు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురు. చూసిన రోజు నుంచీ నా ప్రాణమంతా ఆ గదిలోనే ఉండిపోయింది.

"అడ్వాన్సు ఇరవై వేలమ్మా," అన్నాడు తాత. "వానలు పడే లోపల ఇవ్వాలి. ఆ తర్వాత నా కంటికి ఆపరేషను చేసే డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోతాడు. నువ్వివ్వకపోతే జిరాక్సు కుర్రాడు తిరుగుతున్నాడు. కానీ నువ్వైతే గోడలు నల్లబడవు."

మా ఆయనకు మొదట్లో ఇది పెద్దగా రుచించలేదు.

"ఇంట్లోనే కుడుతున్నావుగా. అద్దె మిగులుతుంది."

"ఇంట్లో కుట్టేదాన్ని ఎవరూ టైలరనరండీ. ఆవిడ కాస్త కుట్టిపెడుతుందిలే అంటారు. కాస్త కుట్టిపెట్టినందుకు డబ్బు కూడా కాస్తే పెడతారు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మాది రెండు గదుల వాటా. ముందు గదిలో మేం పడుకునేవాళ్ళం, వెనక వంటిల్లు. నా మిషన్ వంటింట్లో, నీళ్ళ డ్రమ్ము పక్కన. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే మా పక్కదుప్పట్లూ, ఆయన విప్పేసిన చొక్కాలూ దాటుకుని, పోపు వాసనలోకి రావాలి. ఒకసారి వచ్చినావిడ రెండోసారి కొలతలకు బదులు పాత బట్ట ఒకటి పంపించేది. దానికి ఆవిడను ఏమంటాం?

మొత్తానికి ఒప్పుకున్నాడు. ఎండలు ముదిరాయి. ఆయనకు ఫ్యాన్లు, కూలర్లు వచ్చిపడ్డాయి. నాకు బడి యూనిఫారాలు వచ్చాయి. ఊరంతా వేడికి ఉసూరుమంటుంటే మా ఇద్దరికీ అదే పంట. రెండో నెల దారం మీద పసుపు రెండంటే రెండు పేలికలు. నాకు కన్ను తిప్పబుద్ధి కాలేదు. ఎంత మారిపోయాడు మనిషి అని పొంగిపోయాను. అన్నంలోకి ఇంకో కూర కూడా చేశాను.

మరునాడు దారాలు కొనడానికి వెళుతుంటే టీ కొట్టు అతను పిలిచాడు. "అక్కా, సారు నెలాఖరుకిస్తానన్నారు, ఒకసారి గుర్తుచేస్తారా?"

అర్థమైందా? దారం మీద తగ్గిన పసుపు టీ కొట్టు ఖాతాలో పెరిగింది. తలుపు మూస్తే పిల్లి కిటికీలోంచి వచ్చింది.

ఇంటికొచ్చాక కంచం ముందు పెట్టి అడిగాను. తల దించుకున్నాడు.

"ఆ పసుపు చూసి నీ మొహం చిన్నబోతుంటే చూడలేకపోయాను."

"అందుకని అప్పు పెడతారా? నేను డబ్బుకి ఏడవడం లేదండీ. గోడ మీద ఉన్నది నిజమని నమ్మాను. ఇక నేను దేన్ని చూసి నమ్మాలి?"

చాలాసేపు అన్నం కెలికాడు. తర్వాత, "ఇకనుంచి ఏ రోజుది ఆ రోజే. నా చేత్తో నేనే కడతా," అన్నాడు.

నాకు నమ్మకం లేదు. కానీ ఆయన మాట నిలబెట్టుకున్నాడు. రోజూ రాగానే చేతులు కడుక్కుని, నా కత్తెర తీసుకుని గోడ దగ్గర నిలబడేవాడు. మోటారులో వెంట్రుకంత రాగి తీగ చుట్టే చేతులు, గుడ్డ దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లాడి చేతులు. పేలికలు ఒకటి వంకర, ఒకటి టొంకర. చూసి చూసి నేనే పక్కన నిలబడి కత్తెర పట్టడం నేర్పాను.

"పైన వేలు ఇలా. గుడ్డను లాగొద్దు, కత్తెరను నడవనివ్వండి. వేలెడు వెడల్పు, జానెడు పొడుగు."

"పేలికకు కూడా కొలతా?"

"కొలత లేనిది మన ఇంట్లో మీ నోరొక్కటే."

"సరే గల్లాపెట్టె," అనేవాడు. నాకు ఆయన పెట్టిన పేరది. ఆ సాయంత్రాలు ఇప్పుడు తలుచుకుంటే గుండె తడి అవుతుంది. వంటింట్లో ఉక్కపోత, ఆయన చొక్కా మీద వార్నీషు వాసన, నా చేతి కింద ఆయన చెయ్యి. ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది. అంతలోనే గది గుర్తొచ్చేది.

మూడో నెల చివరికి, గది కోసం దాచే డబ్బాలో దాదాపు ఇరవై వేలు చేరాయి. వారంలో తాతకు ఇచ్చేయాలి. అదే వారం కాలేజీ లెక్చరరమ్మ ఒక గుడ్డ తెచ్చింది. నేతగాడికి చెప్పి మరీ నేయించుకున్నదట. పసుపు రంగు, పట్టుకుంటే వేళ్ళు జారేంత మెత్తన. కాలేజీ సభలో మాట్లాడాలి, పొడుగు చేతుల కుర్తా కావాలంది. ఆవిడ నా దగ్గరికి రావడమే ఒక పండగ నాకు. ఆవిడ వెనకాల కాలేజీలో పాతికమంది ఆడవాళ్ళున్నారు మరి.

చేతులూ కాలరూ కత్తిరించి పెట్టాను. మిగతా గుడ్డ మడిచి పెడదామంటే బల్లంతా యూనిఫారాలే. ఒక్క నిమిషం కదా అని కత్తిరింపుల సంచి మీద పెట్టాను. ఇంతలో బడి నుంచి కబురు, యూనిఫారాలు వెంటనే కావాలని. మూట కట్టుకుని పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఆయన ఇంట్లో ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా గల్లాపెట్టె? ఏ రోజుది ఆ రోజే. ఫ్యాక్టరీ కూలర్లన్నీ ఇచ్చేశాం ఇవాళ. కుర్రాళ్ళందరికీ కూల్‌డ్రింకులు ఇప్పించా, ఆరు వందలు. తిడితే తిట్టు. కానీ ఆరూ కట్టేశా. ఒక్కటైనా వంకరుందేమో చూడు."

ఆ సీజన్లో సంచీ నిండా యూనిఫారాల నీలమూ తెలుపే. పసుపు పేలికలు ఎప్పుడో అయిపోయాయి. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. వెళ్ళి దారం మీద చివరి పేలిక పట్టుకున్నాను. వేలు జారింది.

"ఎక్కడ దొరికింది ఇది?"

"సంచి మీదే. మంచి గుడ్డ సుమా, కత్తెర దానంతటదే నడిచింది."

మడత విప్పాను. మడత మీద మడత ఉండగా పడింది కోత. విప్పేకొద్దీ ముందు భాగానికి రావాల్సిందీ వెనక భాగానికి రావాల్సిందీ రెండూ అడ్డంగా తెగి ఉన్నాయి. అంచులు మాత్రం తిన్నగా ఉన్నాయి. నిజంగానే ఒక్కటీ వంకర లేదు.

ఆయన నా ముఖం చూశాడు, గుడ్డ చూశాడు, గోడ చూశాడు. ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది ఆయనకు.

నోటి దాకా ఎన్ని మాటలొచ్చాయో. అన్నీ మింగాను. ఏమని తిట్టను? ఖర్చు దాచొద్దన్నదాన్ని నేను. కత్తెర పట్టించినదాన్ని నేను. ఊరివాళ్ళ గుడ్డను సంచి మీద పారేసినదాన్నీ నేనే.

ఆయన గుడ్డ చేతిలోకి తీసుకుని మెల్లగా అన్నాడు. "లోపలి మడతలో పోదా? అతుకు కనపడకుండా..."

"గుండెల మీదికొస్తుంది."

"రేపు నేనొచ్చి చెప్తా ఆవిడకి."

"మీరు గేటు దగ్గర ఉండండి. కుట్టేది నేను కదా."

లెక్చరరమ్మ ఇంట్లో నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు. గుడ్డ చేతిలో పెట్టాను. ఆవిడ విప్పి చూసి, "ఎలా జరిగిందమ్మా?" అంది. కోపంగా కూడా అడగలేదు, అదే ఎక్కువ బాధ. మా ఆయన ఇంటి ఖర్చు గోడకు కట్టడానికి కత్తిరించాడని చెబితే, ఆ మనిషి ఊళ్ళో నవ్వులపాలవుతాడు. నా చెయ్యి తప్పిందంటే నా పేరు పోతుంది. రెండింట్లో ఏది చవక అని చూసుకున్నాను. నాకు నేనే చవగ్గా కనిపించాను.

"నా చేతి పొరపాటండీ," అన్నాను.

"మడత చూసుకోకుండా కత్తెర పెట్టేదానివి కావని చెప్పారే నీ గురించి," అంది ఆవిడ. అంతే అంది. గుడ్డ ఖరీదు చెప్పింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. డబ్బు పట్టుకునే వెళ్ళాను కాబట్టి అక్కడే ఇచ్చేశాను.

గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. కిటికీ తీసే ఉంది, అంతా విన్నాడు. ఇంటికి రాగానే తీగ దగ్గర ఆగాడు.

"ఇప్పుడిచ్చిన దానికి ఏ రంగు కట్టను?" అన్నాడు. పసుపు కట్టమంటాననుకున్నాడు పాపం.

"నీలం కట్టండి," అన్నాను. "ఇంటి ఖర్చే కదా."

కట్టాడు. దారం చాలక ఇంకో దారం ముడేయాల్సి వచ్చింది. కట్టినంతసేపూ నా వైపు వీపు పెట్టే నిలబడ్డాడు, నేనూ పిలవలేదు.

ఇక ఆ డబ్బాలో మిగిలింది అడ్వాన్సుకు చాలదు. వర్క్‌షాపు సేటును అప్పు అడుగుతానన్నాడు. వద్దన్నాను, పోయినేడు తీసుకున్నదే ఇంకా జీతంలో కోస్తున్నాడు. తాత దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. నేను నోరు తెరిచేలోపు మా ఆయనే చెప్పేశాడు, తన వల్లే తక్కువైందని, ఒక్క నెల ఆగమని. నలుగురిలో నోరు విప్పి ఏదీ అడిగే మనిషి కాదు. ఇప్పించడమే తప్ప అడగడం తెలియదు ఆయనకు.

తాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నాకు కళ్ళుంటే ఆగేవాణ్ణే బాబూ," అన్నాడు.

వచ్చేశాం. వారం తిరక్కుండానే గదిలో జిరాక్సు మిషన్ దిగింది. ఆ దారిన వెళ్ళడం మానేసి నేను చుట్టూ తిరిగి కూరలకెళ్ళేదాన్ని. ఏడవలేదు గానీ, ఏడిచినా బాగుండేది. కుట్టాలని కూడా బుద్ధిపుట్టేది కాదు.

మొదటి వాన పడిన రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. లెక్చరరమ్మ. గొడుగు మూస్తూ, "కొలతలు మళ్ళీ తీసుకో. ఇంకో గుడ్డ తెచ్చాను," అంది.

ఆవిడ చేతిలో గొడుగు అందుకున్నాను.

"నీ చేతి పొరపాటు కాదటగా," అంది.

"ఎవరు చెప్పారండీ?"

"మీ ఆయన. స్టాఫ్ రూముకు వచ్చాడు. ఫ్యాను బాగుచేసే మనిషి అనుకొని మావాళ్ళు స్విచ్చి చూపించారు. ఆయన అందరి ముందూ నిలబడి గోడ సంగతి, పేలికల సంగతి, టీ కొట్టు ఖాతా సంగతి, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. నవ్వారమ్మా, నేను అబద్ధం చెప్పను. ఆయనా నవ్వాడు. తర్వాత, మా ఆవిడ చెయ్యి తప్పదండీ అన్నాడు. అది మాత్రం నవ్వకుండా అన్నాడు."

నేను తల తిప్పుకున్నాను. ఆవిడే మళ్ళీ అంది, "డబ్బు సంగతి ఎత్తకు, అది అయిపోయింది. దీన్ని మాత్రం ఆ సంచి మీద పెట్టకు."

కొలతలు తీయడానికి వంటింట్లోకి తీసుకెళ్ళాను. వేరే చోటేది? ఆవిడ పొయ్యికీ నీళ్ళ డ్రమ్ముకూ మధ్య నిలబడింది. చేతులు చాపమంటే మోచెయ్యి గిన్నెల అరకు తగిలి గరిటె కిందపడింది. చుట్టుకొలతకు వెనక్కి వెళ్ళడానికి నాకు చోటు లేక ఆవిడనే తిరగమన్నాను. పాపం, పిల్లలా గిర్రున తిరిగింది. అదే సమయానికి మా ఆయన భోజనానికి వచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి, చప్పుడు చేయకుండా వెనక్కెళ్ళి ముందు గదిలో కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళాక అన్నం పెడితే తిన్నాడు. గది నాలుగు మూలలా చూస్తూ తిన్నాడు.

ఆ ఆదివారం నేను కూరలు తీసుకుని తిరిగొచ్చేసరికి మా మంచం వీధిలో ఉంది. కోళ్ళు విడిగా, పట్టెలు విడిగా, పరుపు చుట్టేసి. ఎవరో ఇద్దరు దాన్ని తోపుడు బండి మీదికి ఎక్కిస్తున్నారు. పెళ్ళైన కొత్తలో ఇద్దరం కలిసి కొన్న ఒకే ఒక్క వస్తువు అది.

"ఏవండీ, ఏంటిది?"

"అమ్మేశా," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మంచి ధరే వచ్చింది. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు."

లోపలికెళ్ళాను. ముందు గది ఖాళీగా, కడిగి ఉంది. కిటికీ పక్కన నా మిషన్. నీళ్ళ డ్రమ్ము పక్క నుంచి ఆయనే మోసుకొచ్చి పెట్టాడు, వెలుతురు ఎడమ వైపు నుంచి పడేలా. గోడకు ఆనించి నిలువెత్తు అద్దం ఒకటి, ఇంకా కాగితం చుట్టే ఉంది. మూల నుంచి మూలకు తీగ కట్టి పరదా వేశాడు, కొలతలిచ్చేవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి.

"మంచం డబ్బు సరిగ్గా అద్దానికి సరిపోయింది," అన్నాడు. "వీధిలోంచి తిన్నగా లోపలికి రావచ్చు. ఇక ఎవరూ మన దుప్పట్లు దాటక్కర్లేదు."

"మరి మనం ఎక్కడ పడుకోవాలి?"

"వంటింట్లో చోటు లేదూ, మిషన్ పోయిందిగా."

అప్పుడు ఏడ్చాను. గది పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆయన కంగారుపడి అద్దం వెనక్కిచ్చేస్తానన్నాడు. కాగితం విప్పమన్నాను. విప్పాడు. అద్దంలో ఇద్దరం కనబడ్డాం, నేను ముక్కు ఎర్రగా, ఆయన మసిగా. అలా ఇద్దరం ఒకేసారి నిలువునా కనబడటం అదే మొదటిసారి.

లెక్చరరమ్మ వచ్చింది, ఆవిడ వెనక కాలేజీ వచ్చింది. ఏడేళ్ళు మేం వంటింట్లో, పొయ్యి పక్కన చాప మీద పడుకున్నాం. ఎంత ఇరుకంటే ఒకరు పక్కకు తిరిగితే రెండోవాళ్ళూ తిరగాల్సిందే. పొద్దున్నే పాలు పొంగితే ముందు నా జుట్టు మీద పడేవి. తర్వాత దుకాణం వచ్చింది, దాని తర్వాత ఇల్లు. ఇప్పుడు ఖర్చుల లెక్క ఫోనే చెబుతుంది, మేమిద్దరం విని తలూపుతాం.

ఈమధ్య మా అమ్మాయి బలవంతం మీద పెద్ద మంచం కొన్నాం. ఆ చివర ఆయన, ఈ చివర నేను. ఒకరి ఊపిరి ఒకరికి వినపడదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాం. ఎంతకీ నిద్ర పట్టలేదు. అటు దొర్లి, ఇటు దొర్లి, చివరికి ఆయన లేచి కూర్చున్నాడు.

"వంటింట్లో చాప వెయ్యనా?" అన్నాడు.

"మోకాళ్ళు పట్టేస్తాయి, లేవలేరు."

"నువ్వు లేపవా ఏంటి?"

వేశాడు. వెళ్ళి పడుకున్నాం. చీకటి పడే దాకా మెలకువ రాలేదు ఇద్దరికీ.